కూర్చోబెట్టడమూ వైద్యమే

*వెన్నుపాము దెబ్బతిన్న మనిషికి చక్రాల కుర్చీ అందగానే మన బాధ్యత తీరిందనుకుంటున్నాం. కొలతకు రాని కుర్చీ ఒంటికి చేసే చేటు ఎవరికీ పట్టడం లేదు.*

వసారాలో చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషి పిర్రల కిందికి అరచెయ్యి పోనిచ్చి, వేళ్లతో దేనికోసమో వెతుకుతోంది ఫిజియోథెరపిస్టు. పాతికేళ్ల అమ్మాయి. కుర్చీలో ఉన్నాయన గీత కార్మికుడు. తాటిచెట్టు మీద మోకు జారి కింద పడ్డప్పటి నుంచి నడుము కింద ఆయనకు స్పర్శ లేదు. ఆ చెయ్యి తన కింద ఉన్న సంగతి చూస్తే తప్ప తెలియదు.

“కాకా, నీ ఎముక నా యేళ్ల మీదనే కూసున్నదే. కింద దిండు ఉన్నట్టా, లేనట్టా?”

“ఉన్నది గద బిడ్డా. మా ఆమెనే కుట్టింది, పాత చీరెలు నింపి.”

దిండు తీసి చూసింది. రెండేళ్లుగా బరువు మోసి మోసి మధ్యలో గట్టిగా, పలచగా అణిగిపోయింది. తర్వాత టేపు తీసింది. ఆయన తుంటి వెడల్పు పద్నాలుగు అంగుళాలు, కుర్చీ వెడల్పు పద్దెనిమిది. ఆ సందులోకే ఆయన ఎడమ పక్కకు ఒరిగి ఉన్నాడు. కుడి భుజం పైకి లేచి ఉంది.

“ఎప్పుడూ గట్లనే ఒక పక్కకు ఒరుగుతడు. ఎన్నిసార్లు చెప్పినా ఇనడు” అంది భార్య గుమ్మంలో నిలబడి.

“ఇనకపోవుడు కాదు చిన్నమ్మా. ఈ కుర్చీయే ఆయనను ఒరగబెడుతున్నది.”

ఆ ఇంట్లోనే కాదు, కాళ్లు చచ్చుబడిన మనిషి ఉన్న చాలా ఇళ్లలో వినిపించే ఫిర్యాదే ఇది. జారిపోతాడని, గూనిగా కూర్చుంటాడని, ఓపిక చేసుకోడని తప్పంతా మనిషి మీదే వేస్తారు. కుర్చీని అనుమానించేవాళ్లు తక్కువ. అది ఉచితంగా వచ్చింది, చూడటానికి కొత్తగా ఉంది, దానికి చక్రాలున్నాయి. అంతకంటే అడగాలని ఎవరికీ తోచదు.

ఏటా సెప్టెంబర్ 5 ప్రపంచ వెన్నుపాము గాయాల దినం. 2016 నుంచి జరుపుతున్నారు. ప్రపంచవ్యాప్తంగా కోటిన్నర మందికి పైగా ఈ గాయంతో బతుకుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ రోజు మాట్లాడుకునేదంతా ఆపరేషన్ల గురించి, స్టెమ్ సెల్స్ గురించి, మళ్లీ నడవగలిగే రోజు గురించి. ఆ రోజు వచ్చేదాకా గడిపే బతుకంతా కూర్చునే గడపాలి. రోజుకు పది పన్నెండు గంటలు. ఆ కూర్చోవడం ఎలా ఉండాలో నేర్పేవాళ్లే మన ఊళ్లలో కరువు.

చెట్టు, మిద్దె, బండి

వెన్నుపాము గాయాలకు మన దగ్గర పెద్ద కారణాలు రెండు: ఎత్తు మీద నుంచి పడటం, రోడ్డు ప్రమాదాలు. తెలంగాణలో తాటిచెట్లు, కోనసీమలో కొబ్బరిచెట్లు, ఊరూరా పిట్టగోడ లేని మిద్దెలు, నగరాల్లో కట్టుడు పని పరంజాలు, అన్నిచోట్లా మోటార్‌సైకిళ్లు. దెబ్బ తగిలేది ఎక్కువగా వయసులో ఉన్న, ఇల్లు గడిపే మగవాళ్లకే. గీత కార్మికులు చెట్టు మీద నుంచి పడకుండా తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో కాటమయ్య రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పని. ఈపాటికే పడ్డవాళ్లు మంచాల మీద, కుర్చీల్లో ఉన్నారు. వాళ్లకు కావలసిన రక్షణ వేరు.

మెడ దగ్గర దెబ్బ తగిలితే చేతులు కూడా పోతాయి. వీపు మధ్యలో తగిలితే చేతులు బాగుంటాయి కానీ పొట్ట, నడుము కండరాలు పనిచేయవు. నడుము దిగువన తగిలితే మొండెం మీద పట్టు ఉంటుంది. ముగ్గురికీ ఒకటే రకం కుర్చీ ఇస్తున్నాం.

అన్నిటికీ మొదలు కటి

మనం కుర్చీలో కూర్చున్నప్పుడు బరువులో ఎక్కువ భాగం రెండు ఎముక మొనల మీద పడుతుంది. అవి పిర్రల కింద, కటి ఎముకకు అడుగున ఉంటాయి. కటి నిటారుగా ఉంటే దాని మీద వెన్ను సవ్యంగా నిలుస్తుంది. కటి వెనక్కి వాలితే బరువు మొనల మీంచి జరిగి తోక ఎముక మీద పడుతుంది, నడుము గూనిగా వంగుతుంది, ఛాతీ ముడుచుకుంటుంది, మెడ ముందుకు సాగుతుంది. ఊపిరి పూర్తిగా అందదు. తిన్నది పొట్టలో ఇరుక్కున్నట్టుంటుంది. ఎదుటి మనిషిని చూడాలంటే తల పైకెత్తాలి.

కటి ఎందుకు వాలుతుంది? కారణం తరచూ సీటు లోతులో ఉంటుంది. తొడ పొడవు కంటే సీటు లోతు ఎక్కువైతే దాని అంచు పిక్కలకు తగులుతుంది. వీపు ఆనాలంటే మనిషి ముందుకు జారక తప్పదు. భార్య వెనక నుంచి చంకల కింద చేతులు వేసి పైకి లాగుతుంది. అరగంటకు మళ్లీ జారతాడు. జారిన ప్రతిసారీ తోక ఎముక మీది చర్మం సీటుకు అంటుకుని ఆగిపోతుంది, లోపలి ఎముక ముందుకు పోతుంది. మధ్యలో రక్తనాళాలు మెలిపడి సాగుతాయి.

రెండో కారణం మడత కుర్చీ సీటే. రెండు గొట్టాల మధ్య సాగదీసి కట్టిన రెక్సిన్ కొన్ని నెలలకే నులక వదులైన మంచంలా కుంగుతుంది. మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటాయి, కటి ఏదో ఒక పక్కకు ఒరుగుతుంది. ఒరిగిన కటి మీద వెన్ను వంకర తిరుగుతుంది. మొదట్లో చేత్తో సరిచేస్తే సర్దుకునే వంకర, ఏళ్లు గడిచాక బిగుసుకుపోతుంది.

మూడోది చాలామందికి తట్టనిది. కాళ్లు వాపు వస్తున్నాయని, హాయిగా ఉంటుందని, పాదాల పలకను పైకెత్తి కాళ్లు బారచాపి పెడతారు. వెన్నుపాము దెబ్బతిన్నవారిలో తొడ వెనక కండరాలు బిగుసుకుని ఉండటం మామూలు. ఆ కండరాల ఒక కొస కటికే అతుక్కుని ఉంటుంది. కాలు చాచగానే అవి కటిని లాగి వెనక్కి వాల్చేస్తాయి. మనిషి జారతాడు. కాలికి చేసిన మేలు నడుముకు కీడవుతుంది.

నిటారుగా కూర్చోమంటే పడిపోతాడు

వీపు మధ్యలో దెబ్బ తగిలిన మనిషి గూనిగా కూర్చునేది బద్ధకంతో కాదు. పొట్ట కండరాలు పట్టు ఇవ్వవు కాబట్టి, ఒళ్లు తనంతట తాను ఒక ఉపాయం కనిపెట్టుకుంది. కటిని వెనక్కి వాల్చి వీపును కుర్చీకి ఆనిస్తే ముందుకు పడిపోడు. రెండు చేతులూ ఖాళీ అవుతాయి, అన్నం కలుపుకోవచ్చు, ఫోన్ పట్టుకోవచ్చు. బలవంతంగా నిటారుగా నిలబెడితే ఒక చెయ్యి ఎప్పుడూ కుర్చీని పట్టుకునే ఉండాలి. రెండు చేతులతో చేయాల్సిన పనులన్నీ ఆగిపోతాయి.

అందుకే మంచి థెరపిస్టు పటంలో బొమ్మలాంటి నిటారు భంగిమ కోసం పట్టుబట్టదు. ముందు గట్టి బల్ల మీద పడుకోబెట్టి తుంటి ఎంత వంగుతోందో, మోకాలు ఎంత చాపగలమో, వంకర చేతికి లొంగుతోందో లేదో చూస్తుంది. లొంగే వంకరైతే, కిందికి దిగిన పక్కన ఎత్తు పెట్టి సమం చేయవచ్చు. బిగుసుకుపోయిన వంకరను అలా నెట్టబోతే బరువంతా ఒకే మొన మీద పడి పుండు పడుతుంది. అక్కడ పైకి లేచిన పక్కన ఖాళీ నింపాలి. అంటే ఉన్న ఆకారానికే సీటును మలచాలి. ఒకే దిండు ముక్క, కుడివైపు పెడితే మందు, ఎడమవైపు పెడితే గాయం. ఏది ఎటు పెట్టాలో చెప్పేందుకు మనిషిని తాకి చూడాలి. చూడకుండా చెప్పడం ఎవరి తరమూ కాదు.

సీటు వెనక భాగాన్ని ముందు భాగం కంటే కొంచెం కిందికి దించినా చాలామందికి పట్టు దొరుకుతుంది. మరీ దించితే కుర్చీలోంచి మంచం మీదికి మారడం కష్టమవుతుంది. వీపు పలక ఎత్తూ అంతే. మొండెం మీద పట్టున్నవారికి భుజపుటెముకల కిందికే ఆగాలి, లేకపోతే చక్రం తిప్పేటప్పుడు చేతులు వెనక్కి రావు. పట్టు లేనివారికి ఇంకా పైకి కావాలి.

> ఇంట్లోనే చూసుకోండి
>
> మనిషిని సీటులో పూర్తిగా వెనక్కి జరిపి కూర్చోబెట్టండి. సీటు అంచుకూ మోకాలి వెనక మడతకూ మధ్య రెండు వేళ్లు దూరాలి. వేళ్లే దూరకపోతే సీటు లోతు ఎక్కువ, అరచెయ్యంతా దూరితే తక్కువ.
>
> తుంటికీ కుర్చీ పక్కలకూ మధ్య అరచెయ్యి నిలువుగా, బిగువుగా దూరితే చాలు. రెండు వైపులా కలిపి ఖాళీ ఒక అంగుళం మించకూడదు.
>
> తొడలు పూర్తిగా సీటు మీద ఆనాలి. మోకాళ్లు పైకి లేచి ఉంటే పాదాల పలక మరీ ఎత్తుగా ఉన్నట్టు. బరువంతా పిర్రల ఎముకల మీదికి వస్తుంది. పాదాలు వేలాడుతుంటే పలకను పైకి జరపాలి. పలక మాత్రం నేలకు రెండు అంగుళాల పైనే ఉండాలి, లేకపోతే గడప దగ్గర తగులుతుంది.
>
> చెయ్యి పక్కన వేలాడదీస్తే వేలి కొసలు వెనక చక్రం ఇరుసు దగ్గరకు రావాలి. చక్రం తోసే రింగు పైభాగాన చెయ్యి పెట్టినప్పుడు మోచెయ్యి వంగి ఉండాలి.

పుండు లోపల మొదలవుతుంది

మామూలు మనిషి సినిమా హాల్లో మూడు గంటలు కూర్చున్నా తెలియకుండానే పదేపదే కదులుతాడు. ఒళ్లు నొప్పి పెట్టి కదిలిస్తుంది. స్పర్శ పోయినవారికి ఆ హెచ్చరిక లేదు. ఎముకకూ సీటుకూ మధ్య నలిగిన కండకు రక్తం అందక, ఎముక పక్కన లోలోపలే చచ్చిపోవడం మొదలవుతుంది. పైన చర్మం మీద కనిపించేసరికి లోపల చాలా జరిగిపోయి ఉండవచ్చు.

చర్మం ఎర్రబడితే జాగ్రత్తపడమని పుస్తకాల్లో రాస్తారు. మన చామనచాయ, నల్లని ఒంటి మీద ఆ ఎరుపు సరిగా కనిపించదు. చుట్టూ ఉన్న చర్మం కంటే నల్లబడిందా, వెచ్చగా ఉందా, గట్టిపడిందా, లేక మెత్తగా ఉబ్బిందా అని చేత్తో తాకి చూడాలి. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి, తనంతట తానైతే అద్దం పెట్టుకుని. మచ్చ అనుమానంగా ఉంటే ఆ పక్క మీద కూర్చోవడం ఆపేయాలి. అప్పుడే ఆపితే కొద్దిరోజుల్లో తగ్గుతుంది. పుండు పడిందంటే నెలల తరబడి బోర్లా పడుకోవాలి. ఆ నెలల్లో కూలి పోతుంది, చదువు పోతుంది, చూసుకునే మనిషి పని కూడా పోతుంది.

సూపర్‌మ్యాన్ నటుడు క్రిస్టఫర్ రీవ్ 1995లో గుర్రం మీద నుంచి పడి మెడ విరగ్గొట్టుకున్నాడు. మంచి కుర్చీ, వైద్యులు, నర్సులు అన్నీ ఉన్నాయి. 2004 అక్టోబర్‌లో ఒత్తిడి పుండు ఇన్‌ఫెక్షన్‌కు చికిత్స పొందుతున్న సమయంలోనే కన్నుమూశాడు. అన్నీ ఉన్నవారికే అంత ప్రమాదమైతే, పాత చీరల దిండు మీద కూర్చున్నవారి సంగతి చెప్పాలా?

పదిహేను నుంచి ముప్పై నిమిషాలకోసారి బరువు తీయాలి. చేతుల మీద ఒళ్లు పైకి లేపడమే చాలాచోట్ల నేర్పుతారు. కానీ నలిగిన కండకు రక్తం తిరిగి నిండడానికి రెండు నిమిషాల దాకా పడుతుంది. రెండు నిమిషాలు చేతుల మీద ఎవరు లేవగలరు? పైగా భుజాలు అరిగిపోతాయి. చక్రం తోసేదీ ఆ భుజాలే, మంచం ఎక్కేదీ ఆ భుజాలే. ఛాతీ తొడలకు ఆనేలా ముందుకు వంగడం మేలు. అది కుదరకపోతే ఒకసారి ఒక పక్కకు, ఇంకోసారి మరో పక్కకు బాగా ఒరగాలి. చేతులు కూడా పనిచేయనివారికి ఇంట్లోవాళ్లు కుర్చీని వెనక్కి వంచి తమ ఒళ్లో ఆనించుకుని పట్టుకోవాలి.

ట్యూబు వద్దు

కింద ఏం వేసుకోవాలి? ఊళ్లలో ఎక్కువగా కనిపించేది గాలి నింపిన గుండ్రటి ట్యూబు. మధ్యలో బెజ్జం ఉంది కాబట్టి పుండుకు మంచిదని నమ్మకం. నిజానికి ఆ బెజ్జం చుట్టూ అంచు నొక్కుకుపోయి, మధ్యలోని కండకు రక్తం అందకుండా చేస్తుంది. దాన్ని ఇంట్లోంచి తీసేయండి.

దట్టమైన ఫోమ్‌ను కూర్చునే ఆకారానికి కోసి, ఎముకల కింద గుంట తీసి, తొడల కింద ఎత్తు ఉంచి చేసిన దిండ్లు చవకలో మంచివి. వేడికి, చెమటకు, వాడకానికి ఫోమ్ అణిగిపోతుంది కాబట్టి మారుస్తూ ఉండాలి. గాలి గదుల దిండ్లు ఒత్తిడిని బాగా పంచుతాయి. 1970ల్లో రాబర్ట్ గ్రేబ్ అనే అమెరికన్ ఇంజినీరు తయారుచేసిన రోహో దిండు ఈ రకానికి పేరు తెచ్చింది. వాటితో చిక్కల్లా గాలి లెక్కే. ఎక్కువ నింపితే మనిషి పైన ఊగుతుంటాడు, తక్కువైతే ఎముక అడుక్కు తగులుతుంది. దిండుకూ ఎముక మొనకూ మధ్య చెయ్యి పెట్టి చూస్తే, ఎముక కింద అర అంగుళం నుంచి అంగుళం దాకా గాలి మిగలాలి. ఈ పరీక్ష ఇంట్లో ఒకరికైనా చేతికి అలవాటు కావాలి.

ఏ దిండైనా కుర్చీలో వదిలేసి బయల్దేరకండి. జిల్లా ఆసుపత్రికి ఆటోలో గంటన్నర ప్రయాణం. గతుకుల రోడ్డు, గట్టి సీటు. డాక్టరుకు చూపించుకోవడానికి వెళ్లి పుండుతో తిరిగొచ్చినవాళ్లున్నారు. ఆటోలో, బస్సులో, బంధువుల ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీలో ఎక్కడ కూర్చున్నా దిండు వెంట ఉండాలి. మరుగుదొడ్డి కుర్చీ సీటుకూ మెత్త వేయించండి. మలవిసర్జనకు అరగంట పైగా పట్టేవారు ఎందరో.

ఆడవాళ్ల ఇబ్బందులు వేరు. లంగా బొందు ముడి, చీర కుచ్చెళ్ల మడత, జాకెట్ నుంచి కిందికి జారిన పిన్నీసు, ఏది కింద నలిగినా తెలియదు. మగవాళ్లకు వెనక జేబులో పర్సు, జీన్స్ ప్యాంటు గుండీలు. వంట చేసేవారు వేడి గిన్నెను ఒళ్లో పెట్టుకుని పొయ్యి దగ్గర్నుంచి గట్టు దాకా తోసుకుపోతారు. తొడ కాలి బొబ్బ లేచినా మంట తెలియదు. ఒడిలో ఒక చెక్క పలక పెట్టుకుంటే ఆ ప్రమాదం తప్పుతుంది. మే నెల ఎండలో ఆరుబయట వదిలిన నల్ల రెక్సిన్ సీటుదీ అదే ప్రమాదం. కూర్చునే ముందు ఎవరైనా ముంజేతితో తాకి చూడాలి.

> తలనొప్పి అని తీసిపారేయొద్దు
>
> ఛాతీ మధ్యలో లేదా అంతకంటే పైన (టీ6 అనే వెన్నుపూస స్థాయి, ఆపైన) దెబ్బ తగిలినవారిలో, కింద ఏదైనా బాధ కలిగితే ఒంటికి తెలియకపోయినా బీపీ ఒక్కసారిగా పెరిగిపోవచ్చు. యూరిన్ పైపు మడత పడటం, మలబద్ధకం, పుండు, బిగుతు బెల్టు, బట్ట ముడత, ఏదైనా కారణం కావచ్చు. తల పగిలిపోయే నొప్పి, ముఖం ఎర్రబడటం, పైభాగంలో చెమటలు దీని గుర్తులు.
>
> పడుకోబెట్టకండి. నిటారుగా కూర్చోబెట్టి, కాళ్లు కిందికి దించి, బట్టలు, బెల్టు వదులు చేయండి. ముందు యూరిన్ పైపు చూడండి. తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆలస్యమైతే మెదడులో రక్తస్రావం కావచ్చు.

పంచే చేతులకు టేపు కావాలి

మడత చక్రాల కుర్చీని తయారుచేసింది కూడా వెన్ను విరిగిన మనిషే. అమెరికాలో గని ప్రమాదంలో గాయపడిన మైనింగ్ ఇంజినీరు హెర్బర్ట్ ఎవరెస్ట్, తన మిత్రుడు హ్యారీ జెన్నింగ్స్‌తో కలిసి 1933లో కారులో పట్టే ఇనప గొట్టాల కుర్చీ తెచ్చాడు. తన ఒంటికి, తన కారుకు కుదిరేలా చేసుకున్న కుర్చీ అది. అదే నమూనా ఒకే సైజులో ఆసుపత్రి వరండాలకు చేరింది. రోగిని వార్డు నుంచి ఎక్స్‌రే గదికి పది నిమిషాల్లో చేర్చడానికి అది బాగానే ఉంటుంది. ఆ కుర్చీనే జీవితాంతం కూర్చోమని ఇంటికి పంపుతున్నాం.

కొలత లేని కుర్చీ హాని చేస్తుందని తేల్చిన సదస్సు మన పక్కనే జరిగింది. 2006 నవంబర్‌లో బెంగళూరులో అంతర్జాతీయ నిపుణులు కలిశారు. ఆ చర్చల దారిలోనే 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వనరులు తక్కువున్న దేశాల కోసం మార్గదర్శకాలు తెచ్చింది, 2023లో వాటిని తిరగరాసింది. మనిషిని పరీక్షించడం, కొలవడం, కుర్చీ అమర్చడం, వాడకం నేర్పడం, తర్వాత వెళ్లి చూడటం, ఇవన్నీ కలిస్తేనే కుర్చీ ఇచ్చినట్టని వాటి సారం.

దేశంలో సరంజామా లేదనలేం. కాన్పూర్‌లో ఇలాంటి పరికరాలు తయారుచేసే అలింకో సంస్థ 1972 నుంచి ఉంది. సహాయ పరికరాలు అందించే కేంద్ర పథకం ఏడిప్ 1981లో మొదలైంది. ఐఐటీ మద్రాస్‌లో ప్రొఫెసర్ సుజాత శ్రీనివాసన్ బృందం నుంచి పుట్టిన నియోమోషన్ సంస్థ ఒంటి కొలతలకు తగ్గట్టు మార్చే నియోఫ్లై కుర్చీని 2020లో తెచ్చింది. అదే ఐఐటీ నుంచి 2025లో దాదాపు తొమ్మిది కిలోల తేలిక కుర్చీ వైడీ వన్ వచ్చింది. లోటల్లా వస్తువుకూ మనిషికీ మధ్య. శిబిరంలో వరసగా కుర్చీలు నిలబెడతారు, పేరు పిలుస్తారు, ఫొటో తీస్తారు, మనిషిని ఎత్తి కూర్చోబెడతారు. ఆ వరసలో టేపు పట్టుకున్న థెరపిస్టు ఒక్కరుంటే, వేర్వేరు వెడల్పుల కుర్చీలు, ఒక్కో కుర్చీకి ఒక దిండు ఉంటే, ఆ డబ్బుకు నిజమైన ప్రయోజనం దక్కుతుంది. దిండు లేకుండా వెన్నుపాము గాయమున్నవారికి కుర్చీ ఇవ్వడాన్ని ప్రభుత్వమైనా, దాతలైనా మానుకోవాలి. ఇది నా గట్టి అభిప్రాయం.

> కుర్చీలోంచే శస్త్రచికిత్సలు
>
> వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని నడక కోల్పోయారు. ఆ తర్వాతే, చక్రాల కుర్చీలో కూర్చుని, కుష్ఠు రోగుల వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. 1966లో వెల్లూరులో పునరావాస కేంద్రం ఆరంభమైంది, దానికి ఆమే నాయకత్వం వహించారు. 1972లో పద్మశ్రీ అందుకున్నారు.

ఇచ్చాక వెళ్లి చూడాలి

దెబ్బ తగిలిన మొదటి ఏడాది తొడలు, పిర్రలు సన్నబడిపోతాయి. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు సరిపోయిన కుర్చీ ఆర్నెల్లకు వదులవుతుంది. కొందరు తర్వాత లావెక్కుతారు, అది బిగుతవుతుంది. పిల్లలైతే ఏటికేడు ఎదుగుతారు. కొలత ఒకసారితో తీరే పని కాదు.

కుర్చీకీ ఆలనాపాలనా కావాలి. చాలా కుర్చీల బ్రేకు టైరుకు ఒత్తుకుని ఆగేది. టైరులో గాలి తగ్గితే బ్రేకు పట్టదు. మంచం మీదికి మారేటప్పుడు కుర్చీ వెనక్కి జారి మనిషి కింద పడతాడు, స్పర్శ లేని తొడ ఎముక విరిగినా తెలియదు. సైకిల్ షాపులో వారానికోసారి గాలి కొట్టించినా ఈ ప్రమాదం తప్పుతుంది.

ఈసారి శిబిరానికో, జిల్లా వికలాంగుల సంక్షేమ కార్యాలయానికో వెళ్లేటప్పుడు ఆధార్, వైకల్య ధ్రువీకరణ పత్రంతో పాటు ఒక చీటీ కూడా పట్టుకెళ్లండి. కూర్చున్నప్పుడు తుంటి వెడల్పు ఎంత, పిర్రల వెనక నుంచి మోకాలి మడత దాకా పొడవెంత, మోకాలి మడత నుంచి మడమ దాకా ఎంత, మీ స్నానాల గది తలుపు వెడల్పెంత, పుండు ఎప్పుడైనా పడిందా, ఏ పక్కన, ఇవి రాసి ఉండాలి. ఇచ్చే కుర్చీ ఆ కొలతలకు రాకపోతే తీసుకునే ముందే అడగండి. దిండు ఏదని అడగండి. మళ్లీ ఎప్పుడు వచ్చి చూస్తారో కూడా అడగండి.